వాగుకు వేసిన విస్తరి

పిల్లలూ!

చెట్టు మీది ఆకు రాలి వాగులో పడింది. ఆ తరవాత దాని గతి ఏమవుతుంది?

నేను బడిలో పనిచేసినంత కాలమూ ఈ ప్రశ్నను ఆరో తరగతి పిల్లలను అడుగుతూ ఉండేవాణ్ణి. "కొట్టుకుపోతుంది మాస్టారూ!" అనేవారు కొందరు. "కుళ్ళిపోతుంది" అనేవారు మరికొందరు. రెండు జవాబులూ తప్పు కావు. అయితే కొట్టుకుపోవటానికీ, కుళ్ళిపోవటానికీ మధ్య ఒక పెద్ద కథ నడుస్తుంది. అందులో వంట చేసేవారున్నారు. వడ్డన కోసం కాచుకుని కూర్చునేవారున్నారు. మిగిలింది ఏరుకు తినేవారున్నారు. తినేవారినే తినేసేవారు కూడా ఉన్నారు! మనం చెత్త అనుకునే ఎండుటాకు వాగుకు అన్నం. ఇంకా చిత్రమేమంటే, ఏ చెట్టు ఆకు పడినా వాగు ఒక్క తీరుగా తినదు. దానికీ ఇష్టాయిష్టాలున్నాయి. ఆ సంగతి ఇవాళ చెబుతాను, వినండి.

ముందు ఒక చెరువును తలుచుకోండి. దాని మీద పొద్దస్తమానం ఎండ పడుతుంది. ఎండ ఉంటే నీటిలో పాచి పెరుగుతుంది. పాచిని చిన్న జీవులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. చెరువు తన కూడు తానే పండించుకుంటుందన్నమాట.

అడవిలోని కొండవాగు అలా కాదు. రెండు గట్ల మీదా చెట్లు కమ్ముకుని గొడుగు పట్టినట్టుంటాయి. ఎండ నీటిని సరిగా చేరదు. ఎండ లేనిచోట పాచి అంతగా పెరగదు. మరి ఆ వాగులోనూ పీతలు, రొయ్యలు, చేపపిల్లలు బతుకుతున్నాయి గదా! చేప పురుగును తింటుంది, సరే. పురుగు దేన్ని తింటుంది? పై నుంచి రాలిన ఆకును తింటుంది. చెట్టు ఆకాశంలో ఎండను పట్టి తయారు చేసుకున్న ఆహారం, ఆకు రూపంలో కిందికి దిగి, నీడలో ఉన్న వాగుకు అందుతుంది.

"నిజంగా అంతా ఆకు మీదే ఆధారపడి ఉందా?" అని మీకు సందేహం రావచ్చు. శాస్త్రజ్ఞులకూ వచ్చింది. అమెరికాలో, ఉత్తర కరొలీనా రాష్ట్రంలో, కొవీటా అనే చోట కొండ అడవిలో పరిశోధనాలయం ఒకటి ఉన్నది. అక్కడివారు 1993లో ఒక చిన్న వాగు మీద, సుమారు 180 మీటర్ల పొడవున, పందిరిలాగా వల కప్పారు. గట్టు మీద నుంచి గాలికి దొర్లి పడకుండా పక్కల కూడా చిన్న కంచె కట్టారు. ఇక ఆ వాగులో ఆకు పడదు. మూడేళ్లు అలా ఉంచి, లోపలి జీవులను లెక్కపెట్టి, పక్కనే ఉన్న మామూలు వాగుతో పోల్చి చూశారు. 1997లో ఆ ఫలితాలు ప్రకటించారు.

ఆకులు తినే పురుగులు బాగా తగ్గిపోయాయి. అది మనం ఊహించగలిగినదే. కాని ఆకును ముట్టనైనా ముట్టని, సాటి పురుగులను వేటాడి తినే పురుగులు కూడా తగ్గిపోయాయి! వేటగాడికి వేట దొరకకపోతే వాడూ పస్తే గదా! నాచు పట్టిన బండల మీద బతికే జీవులకు మాత్రం అంత కష్టం కలగలేదు. వాటి ఆహారం వేరు.

ఇక ఆకు నీటిలో పడ్డ దగ్గర నుంచి వరసగా చూద్దాం.

మీ అమ్మ టీ కాచటం చూశారా? వేడినీళ్లలో టీపొడి వెయ్యగానే రంగు దిగుతుంది. చన్నీళ్లలో పడ్డ ఆకు నుంచి కూడా అలాగే, మెల్లిగా రంగు దిగుతుంది. దానితోపాటు తీపి పదార్థాలు, లవణాలు, వగరు, చేదు బయటికి వచ్చేస్తాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కొన్ని ఆకులు తమ బరువులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంటాయి. ఎండాకాలంలో అడవి మడుగుల నీళ్లు టీ రంగులో ఉండేది ఇందుకే.

అయినా పురుగులు అప్పుడే తినటానికి రావు. పచ్చి మామిడి ముక్కకూ, ఊరిన ఆవకాయ ముక్కకూ ఎంత తేడా ఉన్నదో మీకు తెలుసు. ఆకు కూడా ఊరాలి! దాన్ని ఊరబెట్టేది ఒక జాతి బూజు. నీటిలో బతికే ఈ బూజులను గురించి 1942లో ఇంగ్లండులో ఇంగోల్డ్ అనే ఆయన మొదటిసారి వివరంగా రాశాడు. వీటి బీజాలు మన కంటికి కనిపించవు. సూక్ష్మదర్శినిలో చూస్తే నాలుగు కాళ్ల ముగ్గు చుక్కల్లాగా ఉంటాయి. ఎందుకలా? గుండ్రంగా ఉంటే ప్రవాహంలో జారిపోతాయి. నాలుగు చేతులుంటే ఏదో ఒక చెయ్యి ఆకుకు తగులుకుంటుంది! వాగు దూకేచోట తేలే తెల్లని నురగలో ఈ బీజాలు చిక్కుకుని ఉంటాయి. మన దేశంలో మంగళూరు విశ్వవిద్యాలయం వారు పడమటి కనుమల వాగుల్లో ఇలాంటి బూజులను ఎన్నో ఏళ్లుగా పరిశీలించారు.

బూజు తన సన్నని దారాలను ఆకులోకి దూర్చి గట్టి కండను మెత్తబరుస్తుంది. నీటిలోని నత్రజనిని పీల్చుకుని తాను పెరుగుతుంది. 1971లో కెనడాలో కౌశిక్, హైన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింత సంగతి రుజువు చేశారు. ఆకు నీటిలో బరువు తగ్గుతూనే, దానిలోని మాంసకృత్తులు పెరుగుతాయట! అవి ఆకువి కావు, దాని మీద పెరిగిన బూజువి. అందుచేత అప్పుడే రాలినప్పటికంటె వాగులో ఊరిన తరవాతే ఆకు బలమైన తిండి అవుతుంది.

ఇప్పుడు వస్తారు భోక్తలు! అమెరికా శాస్త్రజ్ఞుడు కమిన్స్ 1970ల్లో వీటిని పనిని బట్టి విభజించాడు. మన మాటల్లో చెప్పాలంటే మొదటివారు చింపేవారు. వీరు ఆకును కొరికి ముక్కలు చేస్తారు. పీతలు, కొన్ని రొయ్యలు, కాడిస్ అనే పురుగులు ఈ జట్టు. కాడిస్ పురుగుల్లో ఒక రకం చాలా తమాషా అయినది. ఆకు నుంచి కోడిగుడ్డు ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, తన నోటి పట్టుదారంతో ఒకదాని మీద ఒకటి అతికించి, మధ్యలో దూరి కూర్చుంటుంది. తినేదీ ఆకే, కట్టుకునే ఇల్లూ ఆకే! ఆకు ముక్క నడిచిపోతున్నట్టు కనబడితే దాన్ని తిప్పి చూడండి, లోపల పురుగుంటుంది.

రెండోవారు ఏరుకునేవారు. చింపేవారు రాల్చిన పొడినీ, వారి పెంటికలనూ వీరు ఏరుకు తింటారు. మూడోవారు గీకేవారు. నత్తల వంటివి ఆకు మీదా, రాతి మీదా ఉన్న జిగురుపొరను గీకి తింటాయి. నాలుగోవారు వేటగాళ్లు. తూనీగ పిల్ల ఆకుల కింద నక్కి ఉండి, మడిచిన దవడను కొక్కెంలాగా చాపి దగ్గరికొచ్చిన పురుగును లటుక్కున పట్టుకుంటుంది.

చలిదేశాల వాగుల్లో ఆకులు చింపే పని ఎక్కువగా పురుగులు చేస్తాయి. మనవంటి వేడిదేశాల్లో చాలాచోట్ల అలాంటి పురుగులు తక్కువ. ఇక్కడ పీతలదీ, రొయ్యలదీ, నత్తలదీ పెద్ద చెయ్యి.

ఇదంతా బాగానే ఉన్నది. మరి ఏ ఆకైనా ఒకటేనా?

కాదు. కౌశిక్, హైన్స్ అయిదు రకాల ఆకులు పెట్టి చూశారు. ఎల్మ్ చెట్టు ఆకులను జీవులు ముందుగా ఇష్టపడ్డాయి. ఓక్, బీచ్ ఆకులను చివరికి వదిలాయి. ఆ అయిదూ అక్కడి చెట్లే. అంటే ఒకే అడవిలో కూడా త్వరగా ఊరే ఆకులూ, ఆలస్యంగా ఊరే ఆకులూ ఉంటాయి. అది వాగుకు మేలే. మెత్తని ఆకు ఇవాళ్టి భోజనం, గట్టి ఆకు గాదెలో పోసిన ధాన్యం.

ఇప్పుడు ఆ అడవిని కొట్టేసి, ఎక్కడి నుంచో తెచ్చిన ఒకే జాతి చెట్టును నాటితే ఏమవుతుంది? దీనికి మంచి ఉదాహరణ మనందరికీ తెలిసిన జామాయిల్ చెట్టు. నీలగిరి చెట్టు అన్నా అదే. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. టిప్పు సుల్తాను కాలంలో, 1790 ప్రాంతాన, బెంగుళూరు దగ్గర నంది కొండల్లో దీన్ని నాటారని చెబుతారు. 1843లో వంటచెరకు కోసం నీలగిరి కొండల్లో నాటారు. ఇప్పుడు కాగితం గుజ్జు కోసం మన తెలుగుదేశంలో ఎన్నో ఎకరాల్లో పెంచుతున్నారు.

ఐరోపాలో పోర్చుగల్ దేశంలోనూ ఇదే కథ. 2015 లెక్కల ప్రకారం అక్కడ 8 లక్షల హెక్టార్లకు పైగా నీలగిరి తోటలున్నాయి. అక్కడి కొయింబ్రా విశ్వవిద్యాలయంలో గ్రాసా, కన్యోటు అనే శాస్త్రజ్ఞులు ఈ ఆకు వాగులో ఏమవుతుందో ఏళ్ల తరబడి చూశారు. ఆకు పైన మైనపు పూత దట్టంగా ఉంటుంది. బూజు దాన్ని తొలుచుకుని లోపలికి పోలేక, ఆకు శ్వాస తీసుకునే సన్నని రంధ్రాల గుండా దూరవలసి వస్తుంది. లోపలికి పోతే అక్కడ నూనె! మనం జలుబు చేసినప్పుడు వాసన చూసే ఆ నూనే బూజుకు గిట్టదు. ఆకులు చింపే పురుగుకూ గిట్టదు. ఆ పురుగులు ఇష్టంగా తినే ఆల్డర్ అనే చెట్టు ఆకుకు ఈ నూనె పట్టించి పెడితే, దాన్ని కూడా తక్కువగా తిన్నాయి.

పైగా, అక్కడి అడవిచెట్లు శరత్కాలంలో ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి. వాగులోని పురుగులు తరతరాలుగా ఆ విందుకు అలవాటు పడ్డాయి. నీలగిరి చెట్టు ఏడాది పొడుగునా కొంచెం కొంచెం రాలుస్తూ, ఎండాకాలంలో ఎక్కువ రాలుస్తుంది. పెళ్లి ఒకనాడు, భోజనాలు మరొకనాడు అయినట్టు! నీలగిరి తోటల్లోంచి పారే వాగుల్లో జీవజాతుల రకాలు తక్కువగా ఉన్నట్టు అక్కడివారు చూశారు.

ఒక మాట మరిచిపోకండి. ఆస్ట్రేలియా వాగుల్లో ఇదే ఆకు అక్కడి జీవులకు ఆహారం. అవి దానితో ఎంతోకాలంగా కాపురం చేస్తున్నాయి. చెట్టు చెడ్డది కాదు, ఇరుగుపొరుగు కొత్త.

ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదివి ఊరుకోలేదు. పాడేరు కొండల్లో, అప్పటి విశాఖ జిల్లాలో, నేను కొన్నేళ్లు పని చేశాను. 2022 నుంచి ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. అక్కడ వాగును గెడ్డ అంటారు. మా బడి వెనకనే ఒక గెడ్డ పారుతూ ఉండేది. గట్టున మేడి, కానుగ, ఏరుమద్ది, నేరేడు చెట్లు. పైన కాఫీ తోటలకు నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లు. ఇవి కూడా ఆస్ట్రేలియా నుంచి వచ్చినవే. ఆకు అడుగున వెండి రంగు మెరుస్తుంది.

ఆ ఏడు గట్టు మీది పాత చెట్లు కొట్టి జామాయిల్ వెయ్యాలని ఊళ్లో మాట నడుస్తోంది. కర్రకు మంచి ధర వస్తుంది. వద్దనటానికి నేనెవరిని? కాని పిల్లలతో ఒక ప్రయోగం చేయించాను. ఉల్లిపాయల వల సంచులు తెచ్చి, ఒక్కోదానిలో ఒక్కో చెట్టు ఎండుటాకులు సమంగా తూచి పోశాము. ప్రతి సంచిలో ఒక రాయి వేసి, మూతి కట్టి, గెడ్డలో మోకాటి లోతున, ఒకే మడుగులో దించి, తాళ్లు వేళ్లకు కట్టాము.

పది రోజులకొకసారి ఒక్కో సంచి తీసి తెల్లని పళ్లెంలో దులిపేవాళ్లం. మొదటిసారి అన్ని సంచుల్లోనూ నాలుగైదు పురుగులే. అప్పటికి జామాయిల్ సంచిలో నీళ్లకు వాసన ఇంకా పోలేదు. రెండోసారికి మేడి ఆకులు జల్లెడలాగా చిల్లులు పడ్డాయి. వాటి నిండా చిన్న పీతలు, గూళ్లు మోసే పురుగులు, మూడు తోకల పురుగులు, ఒక తూనీగ పిల్ల! కానుగ ఆకుల్లోనూ సందడే. జామాయిల్ ఆకులు మాత్రం నల్లబడ్డాయే గాని చిరగలేదు. సిల్వర్ ఓక్ ఆకులదీ దాదాపు అదే తీరు. వాటి మీద జీవులు బొత్తిగా లేవని కాదు. ఏరుకునేవారు వాటి సందుల్లో దాగి ఉన్నారు. ఇల్లు దొరికింది, తిండి దొరకలేదు! చాలా వారాల తరవాత, నూనె, చేదు పోయాక, ఆ ఆకుల అంచులు కూడా కొరకబడ్డాయి. ఆకలి అన్నీ తినిపిస్తుంది గదా!

అది చూసి ఒక అమ్మాయి, "మా మామ్మ పీతల కోసం వెళితే ఎప్పుడూ మేడి చెట్టు కింద మడుగుకే వెళుతుంది మాస్టారూ" అన్నది. ఆ ముసలమ్మ మా కంటె ముందే ఈ పాఠం నేర్చిందన్నమాట! ఆ ఊళ్లో వానాకాలం పీతల పులుసు చాలామందికి వేడుక కాదు, భోజనం.

ఇంకో కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చి, "మా నాన్న జామాయిల్ వేశాడు. ఆ డబ్బుతోనే మా అక్కకు కాలేజీ జీతం కట్టాడు. అది తప్పా మాస్టారూ?" అని అడిగాడు.

పిల్లలూ, ఇలాంటి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. నేను వాణ్ణి కూర్చోబెట్టి ఇలా చెప్పాను: "తప్పు కాదు నాయనా. మీ నాన్న చేనులో వేసిన చెట్టు మీ అక్కను చదివించింది. గట్టు మీది మేడిచెట్టు గెడ్డకు అన్నం పెడుతోంది. చేను మీది, గట్టు గెడ్డది. ఎవరి విస్తరి వారికి వదిలేస్తే ఇద్దరూ బతుకుతారు."

వాడు ఆ మాట ఇంటికి పట్టుకుపోయాడు. పిల్లలు తమ పళ్లాలు, చిల్లులు పడ్డ ఆకులు తీసుకుపోయి రచ్చబండ దగ్గర చూపించారు. ఊరివాళ్లు కొంత విన్నారు, కొంత వినలేదు. పై భాగంలో గట్టు చెట్లు కొట్టేశారు. బడి నుంచి కింది మడుగుల వరకు మాత్రం నీటిని ఆనుకుని ఉన్న వరస చెట్లను ఉంచారు. ఉంచమని గట్టిగా అన్నవాళ్లలో ఆ కుర్రవాడి తండ్రి ఒకడు.

ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. పరాయిదేశపు చెట్లన్నీ గట్టి ఆకులవి కావు. పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా మధ్య అమెరికా నుంచి వచ్చింది. దాని ఆకు మెత్తనిది, నత్రజని ఎక్కువ, ఇట్టే కుళ్ళిపోతుంది. అలాంటి ఆకే ఉంటే వాగులో నాలుగు రోజులు విందు, తరవాత పస్తు. మన చెట్లలోనూ తోలులాంటి ఆకులవి కద్దు. కనక వాగు చెట్టును "నీది ఏ దేశం?" అని అడగదు. "నీ ఆకు మెత్తనా, గట్టా? చేదుందా? నూనె ఉందా? ఎప్పుడు రాలుస్తావు?" అని అడుగుతుంది. గట్టు మీద పది రకాల చెట్లుంటే పది రకాల జవాబులు వస్తాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక ఆకు తయారుగా ఉంటుంది. ఒకే రకం చెట్టుంటే జవాబు ఒకటే. చాలాకాలంగా ఆ గట్టున పెరిగిన కలగలుపు అడవికి ఉన్న గొప్పతనం ఇదే.

మీరు కూడా ఈ ప్రయోగం చెయ్యవచ్చు. వాగే ఉండనక్కరలేదు. పంటకాలువ, చెరువు గట్టు, ఏదైనా సరే. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. వానలు పడే రోజుల్లో మాత్రం వాగులో దిగకండి. దానికి ఉన్నట్టుండి వరద వస్తుంది.

చెట్టు నుంచి కోసిన పచ్చి ఆకులు వాడవద్దు. చెట్టు ఆకు రాల్చబోయే ముందు దానిలోని సారం కొంత వెనక్కి లాగేసుకుంటుంది. అందుచేత రాలిన ఆకే అసలైన ఆకు. మూడు నాలుగు రకాలు ఏరి, నీడన ఆరబెట్టి, ఒక్కోటి 10 గ్రాములు తూచండి. ఒక్కొక్క రకానికి రెండు సంచులు కట్టండి. ఒకటి ఉల్లిపాయల వల సంచి, రెండోది దోమతెర గుడ్డ సంచి. దోమతెరలోకి పీత దూరలేదు, బూజు మాత్రం దూరుతుంది. నెల తరవాత రెంటినీ కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచండి. బూజు ఎంత తిన్నదో, పీతలూ పురుగులూ ఎంత తిన్నాయో ఆ తేడాయే మీకు చెబుతుంది. దొరికిన జీవులను పళ్లెంలో చూసి, బొమ్మ వేసుకుని, బతికి ఉండగానే నీటిలో వదిలిపెట్టండి. అవి మీ చుట్టాలు కాకపోయినా వాగుకు చుట్టాలు.

ఆ గూళ్లు మోసిన కాడిస్ పురుగులకు పెరిగి పెద్దయ్యాక రెక్కలు వస్తాయి. సందెవేళ నీటి మీద నుంచి లేచి చెట్లలోకి ఎగిరిపోతాయి. సాలీడు, పిట్ట, గబ్బిలం వాటిని తింటాయి. చెట్టు నుంచి నీటిలోకి దిగిన ఆకు, రెక్కలు తొడుక్కుని మళ్లీ చెట్టు దగ్గరికే చేరిందన్నమాట!

ఈసారి వాగు గట్టున నడిచేటప్పుడు నీటిలోని ఎండుటాకులను కర్రతో తోసెయ్యకండి. ఒకదాన్ని మెల్లిగా ఎత్తి, వెనక్కి తిప్పి చూడండి. ఎవరో భోజనం చేస్తూ ఉంటారు.